పక్షుల వేట కొత్తగా మొదలుపెట్టేవారికి: లైసెన్సు నుంచి వంటింటి దాకా

"పక్షుల వేట నేర్చుకోవాలని ఉంది, ఏ తుపాకీ కొనమంటారు?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. తుపాకీ గురించి చెబుతాను, కానీ వరసలో అది నాలుగోది. దాని ముందున్న మూడూ వదిలేసి నేరుగా తుపాకీతో పొలంలోకి దిగినవాళ్లు మొదటి సీజన్ అంతా గురి తప్పుతూనే ఉంటారు. పక్షికి తగిలి, అది ఎగిరిపోయి, ఏ పొదలోనో పడి చచ్చి, ఎవరికీ దొరక్కపోవడం అంతకన్నా ఘోరం. ఆ పరిస్థితి రాకూడదన్నదే ఈ వరసకు కారణం.

ముందుగా ఒక హెచ్చరిక. ఇండియాలో ఉన్నవారు ఈ పని చేయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ అడవి పక్షుల వేట నేరం. కాల్చడమే కాదు, వల వేయడం, ఉచ్చు పెట్టడం, గూడు పాడుచేయడం, గుడ్లు తీయడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తాయి. గురి మీద ఇష్టం ఉంటే లైసెన్సుతో నడిచే రేంజిలో (కాల్పులు సాధన చేసే మైదానం) క్లే షూటింగ్ చేయవచ్చు, అంటే గాలిలోకి విసిరే మట్టి బిళ్లలను (క్లేలు) కొట్టడం. అందుకు 3 నుంచి 8 వరకు ఉన్న మెట్లు పనికొస్తాయి. మిగతావి వేటకు చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్నవారి కోసం.

ఏమేం కావాలి

- వేట లైసెన్సు, తుపాకీ అనుమతి, భూమి యజమాని రాతపూర్వక అనుమతి
- ఒంటికి సరిపోయే షాట్‌గన్ (ఒక్క దెబ్బకు చాలా చిన్న గుండ్లు చిమ్మే తుపాకీ), దానికి సరైన తూటాలు
- చెవులకు రక్షణ, పగలని కళ్లద్దాలు. షాట్‌గన్ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు
- నారింజ రంగు టోపీ, జాకెట్టు (బాతుల వేటకు మాత్రం చుట్టుపక్కల గడ్డిలో కలిసిపోయే రంగు)
- మడమ పట్టు ఉన్న బూట్లు, నీళ్లు, చిన్న కత్తి, చేతి తొడుగులు, గాలి ఆడే సంచి
- అనుభవం ఉన్న ఒక తోడు. ఈ జాబితాలో దేనికైనా ప్రత్యామ్నాయం ఉంటుంది కానీ దీనికి లేదు

1. రూల్స్ చదవండి, పక్షిని గుర్తుపట్టడం నేర్చుకోండి

మీ ప్రాంతంలో ఏ పక్షికి ఏ సీజన్, రోజుకు ఎన్ని, పొద్దున ఎన్నింటి నుంచి సాయంత్రం ఎన్నింటి వరకు అన్నది ప్రభుత్వం ఏటా ప్రకటిస్తుంది. పోయిన ఏడాది కాగితం ఈ ఏడాది చెల్లదు. చిన్నగా కనిపించే రూల్స్ కూడా వదలకండి. ఉదాహరణకు అమెరికాలో వలస పక్షులను వేటాడే తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు, అందుకని ఎక్కువ తూటాలు పట్టకుండా లోపల అడ్డుగా ప్లగ్ బిగించాలి. అక్కడ 1991 నుంచి బాతుల వేటకు సీసం పెల్లెట్లు (తూటాలో ఉండే చిన్న గుండ్లు) దేశమంతటా నిషేధం. ఐరోపా యూనియన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో, వాటి చుట్టుపక్కల కూడా సీసం వాడకూడదు. బాతులు గింజలు అరగడానికి చిన్న రాళ్లు మింగుతాయి. వాటితోపాటు బురదలో పడిన సీసం మింగి, విషమెక్కి చస్తాయి. అందుకే ఆ నిషేధం.

ఈ లెక్కలు చూసి విసుక్కునేవాళ్లకు ప్యాసింజర్ పావురం సంగతి చెబుతుంటాను. ఉత్తర అమెరికాలో ఆకాశాన్ని కప్పేసేంత గుంపులుగా ఎగిరిన పక్షి అది. అడ్డూ అదుపూ లేని వేట వల్లా, అడవులు కొట్టేయడం వల్లా తుడిచిపెట్టుకుపోయింది. చివరిది 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది.

గుర్తుపట్టడం పుస్తకంలో బొమ్మ చూసినంత తేలిక కాదు. కోడిలా ఉండే ఫెజెంట్ అనే వేట పక్షి జాతిలో చాలాచోట్ల పుంజును మాత్రమే కొట్టాలి. పుంజుకు పొడుగు తోక, ఎర్రటి ముఖం, చాలావాటికి మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉంటాయి. పెట్ట మట్టిరంగులో ఉంటుంది. కానీ సూర్యుడికి ఎదురుగా ఎగిరినప్పుడు రెండూ నల్లగానే కనిపిస్తాయి. అనుమానం వస్తే కాల్చకండి.

2. సేఫ్టీ కోర్సు చేయండి

చాలా దేశాల్లో లైసెన్సుకు ఇది తప్పనిసరి. మీ దగ్గర కాకపోయినా చేయండి. అక్కడ నేర్పే నాలుగు మాటలు ఆలోచించకుండానే చేతికి రావాలి.

- ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోండి. చేతికి తీసుకున్న ప్రతిసారీ తెరిచి చూడండి.
- కాల్చకూడని దేనివైపూ గొట్టం తిప్పకండి.
- కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. సేఫ్టీ మీట ఒక యంత్రం, అది చెడిపోవచ్చు.
- లక్ష్యమేదో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకండి. సన్న పెల్లెట్లు అయిన 7½ నంబరువి కూడా 190 మీటర్ల దాకా వెళ్లగలవు. 4 నంబరువి 260 మీటర్లు దాటవచ్చు.

3. మీ బలమైన కన్ను ఏదో చూసుకోండి

రెండు కళ్లూ తెరిచి, దూరంగా ఉన్న ఒక వస్తువును చాచిన చేతి బొటనవేలితో కప్పండి. ఎడమ కన్ను మూయండి. వస్తువు ఇంకా వేలి వెనకే ఉంటే మీది కుడి కన్ను. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తే ఎడమ కన్ను. మూడు నాలుగుసార్లు చేసి చూడండి.

కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్లు చాలామంది. ఈ పరీక్ష చేయనందువల్ల ఏళ్ల తరబడి గురి తప్పి, తమకు ఈ విద్య రాదనుకుని మానేసినవాళ్లను చూశాను. కొత్తవారైతే కన్ను ఏ వైపో ఆ భుజం నుంచే కాల్చడం మేలు. పది రోజులు ఇబ్బందిగా ఉండి అలవాటైపోతుంది. అలా కుదరకపోతే కళ్లద్దంలో బలమైన కంటికి ఎదురుగా చిన్న టేపు ముక్క అంటించండి, రెండో కన్ను గురి చూస్తుంది.

4. తుపాకీ ఎంచుకోండి

గేజ్ సంఖ్య తగ్గేకొద్దీ గొట్టం వెడల్పవుతుంది. 12 గేజ్ సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 గేజ్ సుమారు 15.6. మొదటి తుపాకీకి ఈ రెండే చాలు. ఒళ్లు సన్నగా ఉన్నవారికి, ఎక్కువ నడవాల్సినవారికి 20. బాతులు కూడా కొట్టాలనుకుంటే 12. చిన్నగా, తేలికగా ఉందని .410 బోర్ కొనకండి. అందులో పెల్లెట్లు తక్కువ, అంచనా కాస్త తప్పినా పక్షికి గాయమే మిగులుతుంది. అది చేయి తిరిగినవాళ్ల తుపాకీ.

రకాల్లో నా ఓటు మధ్యకు విరిచి తెరిచే రెండు గొట్టాల తుపాకీకి. తెరిచి ఉంచితే అది ఖాళీగా ఉందని పక్కనున్న ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది. పంప్ (చేత్తో లాగి తూటా ఎక్కించేవి), సెమీ ఆటోమేటిక్ (వాటంతటవే ఎక్కించుకునేవి) తుపాకులు మంచివే, కానీ గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో (ఛాంబర్) తూటా ఉందో లేదో కొత్తవాళ్లు మరిచిపోయే అవకాశం వాటిలో ఎక్కువ.

కొనేముందు ఇలా చూడండి. తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, కళ్లు మూసుకుని భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. గొట్టం మీది పట్టీ దాదాపు చదునుగా, చివర గురికోసం ఉండే చిన్న పూస తిన్నగా కనిపించాలి. పట్టీ పొడవంతా కనిపిస్తే దెబ్బ పైకి పోతుంది. పట్టీ అసలు కనిపించకుండా తుపాకీ వెనక భాగమే అడ్డొస్తే కిందికి పోతుంది. బొటనవేలి కణుపుకీ ముక్కుకీ మధ్య సుమారు రెండు వేళ్ల సందు ఉండాలి. సరిపోకపోతే భుజానికి ఆనే కర్ర భాగాన్ని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) సరిచేస్తాడు. ఒంటికి సరిపడని ఖరీదైన తుపాకీ కన్నా సరిపడే పాత తుపాకీ ఎంతో నయం.

5. తూటాలు, చోక్

పెల్లెట్ నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. అమెరికా కొలతలో 17 నుంచి నంబరు తీసేస్తే వచ్చేది అంగుళంలో వందో వంతుల్లో వ్యాసం. 6 నంబరు అంటే 0.11 అంగుళం, దాదాపు 2.8 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో ఇదే నంబరుకు సైజు వేరు, డబ్బా మీద మిల్లీమీటర్లు చూసుకోండి.

- గువ్వలు, కౌజు పిట్టలు: సీసంలో 7½ లేదా 8
- ఫెజెంట్: సీసంలో 5 లేదా 6
- బాతులు: స్టీలులో 2 నుంచి 4

సీసం బదులు స్టీలు వాడితే రెండు సైజులు పెద్దవి తీసుకోండి. స్టీలు తేలిక, త్వరగా వేగం కోల్పోతుంది. పాత తుపాకుల్లో, బిగుతైన చోక్‌తో స్టీలు వాడేముందు గన్‌స్మిత్‌కు చూపించాల్సిందే.

చోక్ అంటే గొట్టం చివరి బిగింపు. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో పడే పెల్లెట్లు, బిగింపు లేని సిలిండర్‌లో సుమారు 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో 50, మాడిఫైడ్‌లో 60, ఫుల్‌లో 70. ఇంప్రూవ్డ్ సిలిండర్‌తో మొదలుపెట్టండి. ఫుల్ చోక్‌తో దూరంగా కొట్టొచ్చన్నది నిజమే, కానీ కొత్తవాళ్లు దూరంగా కొట్టకూడదు.

ఇక్కడ ప్రాణం తీసే తప్పులు రెండున్నాయి. మొదటిది, 20 గేజ్ తూటా 12 గేజ్ తుపాకీలో పడటం. అది గదిలో ఆగకుండా జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. పైకి గది ఖాళీగా కనిపిస్తుంది. దాని వెనక 12 గేజ్ తూటా పెట్టి పేలిస్తే గొట్టం పగిలి చేయి పోతుంది. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో ఉండేది ఇందుకే. జేబులోకి వెళ్లాక రంగు ఎవరూ చూడరు కాబట్టి రెండు గేజ్‌లను ఒకే జేబులో, ఒకే సంచిలో ఎప్పుడూ ఉంచకండి. రెండోది, 2¾ అంగుళాల గదిలో 3 అంగుళాల తూటా పెట్టడం. అది లోపలికి పడుతుంది, అందుకే మోసం. పేలినప్పుడు మూత విచ్చుకోవడానికి చోటు చాలక పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీద చెక్కిన కొలత, తూటా మీద ఉన్న కొలత పోల్చి చూడండి.

6. ఇంట్లో రోజూ పది నిమిషాలు

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. దీనికి తూటాలు అక్కర్లేదు, ఖర్చు లేదు, ఫలితం మాత్రం అన్నింటికన్నా ఎక్కువ.

తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేయండి. తుపాకీ తెరిచి కంటితో, వేలితో రెండుసార్లు చూడండి. గోడకూ పైకప్పుకూ మధ్య గీతను పక్షి దారి అనుకోండి. తుపాకీని నడుము దగ్గర సిద్ధంగా పట్టుకుని, గీత మీద కన్ను నిలిపి, ముందున్న చేతితో గొట్టాన్ని ఆ గీత వెంట నడుపుతూ కర్రను చెంపకు తీసుకురండి. తల తుపాకీ దగ్గరికి వంగకూడదు, తుపాకే చెంప దగ్గరికి రావాలి. చెంపకు ఆనాక భుజం తనంతట అదే కలుస్తుంది. ముందు భుజానికి గుచ్చుకుని తర్వాత తల దించేవాళ్లు దాదాపు ప్రతి దెబ్బా పక్షి మీదుగా పోనిస్తారు.

నెమ్మదిగా చేయండి. వేగం దానంతటదే వస్తుంది. సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి గొట్టంలో బిగించే చిన్న లేజర్ లైటు దొరుకుతుంది. ఎత్తేటప్పుడు ఆ చుక్క గీత వెంట సాఫీగా సాగాలి, ఎగుడుదిగుడుగా గెంతకూడదు. లేజర్ లేకపోతే తోడున్నవారిని ఫోన్‌లో వీడియో తీయమనండి. తల కదులుతోందో లేదో దానిలో తెలిసిపోతుంది.

7. కాగితం మీద పరీక్ష

రేంజిలో 1.2 మీటర్ల చదరపు కాగితం నిలబెట్టి, మధ్యలో చుక్క పెట్టండి. ముందు 15 మీటర్ల నుంచి, గురి పెట్టి ఆగకుండా, ఎత్తిన వెంటనే ఐదుసార్లు కాల్చండి. అన్నీ ఒకేచోట, కానీ చుక్కకు పక్కగా పడితే తుపాకీ అమరిక తేడా. తలా ఒకచోట పడితే తేడా మీరు ఎత్తే పద్ధతిలో ఉంది, తిరిగి 6వ మెట్టుకు వెళ్లండి.

తర్వాత మీరు వేటాడబోయే దూరం నుంచి కొత్త కాగితం మీద ఒక్కటే తూటా కాల్చండి. దట్టంగా పడినచోట 76 సెంటీమీటర్ల వలయం గీయండి. అట్టతో పక్షి ఒంటి ఆకారం కత్తిరించి వలయంలో అక్కడక్కడా పెట్టి చూడండి. ప్రతిచోటా కనీసం నాలుగైదు పెల్లెట్లు ఆ ఆకారంలో పడాలి. పక్షి దూరిపోయేంత ఖాళీలు ఉంటే చోక్ గానీ తూటా రకం గానీ మార్చండి, లేదా దూరం తగ్గించండి. ఈ పరీక్షలో నిలబడిన దూరమే మీ హద్దు. దాన్ని కాగితం మీద రాసుకోండి. కొత్తవారికి అది సాధారణంగా 25, 30 మీటర్లు దాటదు.

8. క్లేలు

ముందు మీ నుంచి దూరంగా, తిన్నగా వెళ్లే క్లేలు. అవి కుదిరాక అడ్డంగా వెళ్లేవి. పూసను చూడకండి, క్లే ముందు అంచును చూడండి. పూస చూసిన క్షణంలో గొట్టం ఆగిపోతుంది. 30 మీటర్ల దూరంలో పెల్లెట్లు చేరడానికి సెకనులో సుమారు పదో వంతు పడుతుంది. సెకనుకు 15 మీటర్లు ఎగిరే పక్షి ఆలోగా మీటరున్నర ముందుకు పోతుంది. కాబట్టి వెనక నుంచి గొట్టాన్ని దాని దారిలో నడిపి, దాన్ని దాటి, ట్రిగ్గర్ నొక్కాక కూడా నడుపుతూనే ఉండండి.

ఏ తప్పుకు ఏ కారణమో ఇలా పట్టుకోవచ్చు:

- వరసగా వెనక పోతుంటే: ట్రిగ్గర్ నొక్కేటప్పుడు గొట్టం ఆపుతున్నారు.
- పైనుంచి పోతుంటే: పక్షి పడిందా అని చూడటానికి చెంప లేపుతున్నారు.
- భుజం మీద నీలి మచ్చ పడుతుంటే: కర్ర భుజం గుంటలో కాకుండా చేయి కండ మీద ఆనుతోంది.
- ఉన్నట్టుండి అన్నీ తప్పుతుంటే: చప్పుడుకు భయపడి కళ్లు మూస్తున్నారు. తోడున్నవారిని మీకు తెలియకుండా మధ్యలో డమ్మీ తూటా పెట్టమనండి. క్లిక్‌మన్నప్పుడు గొట్టం కిందికి వంగితే కారణం భయమే. తేలికపాటి తూటాలకు మారండి, ఆ రోజుకు ఆపేయండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని భద్రమైన దిక్కునే ఉంచి నిమిషం ఆగి, అప్పుడు తెరవండి. చప్పుడు తేడాగా, బలహీనంగా వస్తే తూటా తీసేసి, గొట్టంలో ఏదీ ఇరుక్కోలేదని చూసేదాకా రెండోది పెట్టకండి.

25 మీటర్లలో తిన్నగా వెళ్లే పది క్లేలలో ఏడు, రెండు మూడు వేర్వేరు రోజుల్లో కొట్టగలిగితే పొలానికి సిద్ధమే. ఇది నేను పెట్టుకున్న హద్దు. దీన్ని తగ్గించమని నేనెవరికీ చెప్పను.

9. ఒకసారి తుపాకీ లేకుండా వెళ్లండి

వేటగాళ్లతో ఒక పూట ఉత్త చేతులతో నడవండి. పక్షులు ఎక్కడి నుంచి లేస్తున్నాయి, గాలి ఎటు, పక్షి వాసన తగిలినప్పుడు వేటకుక్క తీరు ఎలా మారుతోంది చూడండి. పంట చేను, గడ్డి గట్టు కలిసే అంచుల్లో మేతా, దాక్కునే చోటూ రెండూ ఉంటాయి, పక్షులు అక్కడే ఎక్కువ. దూరం అంచనా కూడా ఇక్కడే నేర్చుకోవాలి. ఒక చెట్టును చూసి ఎన్ని మీటర్లో అనుకుని, అడుగులతో కొలవండి. ఆకాశంలో పక్షి దూరం అంచనా తేలిగ్గా తప్పుతుంది. బాతు రంగులు విడివిడిగా కనిపించలేదంటే అది మీ హద్దు దాటి ఉంది.

కుక్క లేకపోతే కుక్క ఉన్నవారితో వెళ్లండి, లేదా గువ్వల దారిలో ఒకచోట కూర్చుని వేటాడండి. పెంచి వదిలిన పక్షుల మీద వేట నడిపే చోట్లు ఉంటే మొదటి రోజుకు అవి మంచివి.

10. మొదటి రోజు

ముగ్గురికి మించి వరసలో నడవకండి. బయల్దేరేముందే ఎవరి దిక్కు ఏదో పైకి చెప్పుకోండి. మధ్యవారికి ఎదురుగా ఉన్న ముక్క, పక్కవారికి తమ వైపు ముక్క. పక్షి పక్కవారి తల వైపు తిరిగితే గొట్టం పైకెత్తి వదిలేయండి. పక్షితో పాటు తిరిగిపోయి మనిషిని కాల్చడమే ఈ వేటలో తరచూ జరిగే ప్రమాదం.

పక్షి కింద ఆకాశం కనిపిస్తేనే కాల్చండి. తక్కువ ఎత్తులో పోయే పక్షి వెనక కుక్క ఉంటుంది, గట్టు అవతల మనిషి ఉంటాడు. కంచె, కాలువ దాటేముందు తూటాలు తీసేయండి, తుపాకీ తెరిచి రెండో వ్యక్తికి అందించి దాటండి. జారి పడితే లేచి మొదట చూడాల్సింది గొట్టంలో మట్టి చేరిందా అని. పడవలో అయితే లైఫ్ జాకెట్ విప్పకండి.

గుంపు లేచినప్పుడు గుంపులోకి కాల్చకండి. ఒక్క పక్షిని ఎంచుకోండి. దాని మెడ మీద కన్ను పడేదాకా తుపాకీ ఎత్తకండి. నా మొదటి సీజన్‌లో కౌజు గుంపు కాళ్ల దగ్గర లేచినప్పుడు రెండు గొట్టాలూ గుంపు మధ్యకు పేల్చాను. ఒక పిట్ట కాలు వేలాడుతూ ఎగిరిపోవడం చూశాను. సాయంత్రం దాకా వెతికినా దొరకలేదు. ఇప్పటికీ గుంపు లేస్తే ముందు ఆ కాలే గుర్తొస్తుంది.

11. పడిన పక్షిని చేతికి తెచ్చుకోండి

పక్షి పడగానే రెండోదాని వైపు చూడకండి. పడినచోట ఒక గుర్తు పట్టుకోండి: వంగిన కొమ్మ, తెల్లరాయి, ఏదైనా. కన్ను దాని మీదే ఉంచి తిన్నగా నడవండి. అక్కడ టోపీ పెట్టి, దాని చుట్టూ వలయాలు పెంచుకుంటూ వెతకండి. రాలిన ఈకలు గాలివాటుకు పక్కకు పోతాయి, పక్షి గాలికి ఎదురు దిక్కున ఉండొచ్చు. గాయపడింది పరుగెత్తి దట్టమైన పొదలో దూరుతుంది, అటు చూడండి.

ప్రాణంతో ఉంటే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా మెడ విరిచి బాధ ముగించండి. ఎలా చేయాలో తోడున్నవారి దగ్గర ముందే నేర్చుకోండి. ఈ పని చేయలేనని మీకు అనిపిస్తే అది తెలుసుకోవాల్సింది తుపాకీ కొనకముందే. దొరకని పక్షిని కూడా ఆ రోజు లెక్కలో కలపండి. చట్టం అడిగినా అడగకపోయినా నేను కలుపుతాను.

12. మాంసం

వేడి మాంసాన్ని పాడుచేస్తుంది. పక్షులను కుప్పగా పోసి మూసిన సంచిలో పెట్టకండి, విడివిడిగా గాలి తగిలేలా ఉంచండి. ఎండ రోజైతే అక్కడే పొట్ట కోసి పేగులు తీసి చల్లబరచండి. జబ్బుగా కనిపించినదాన్ని, చచ్చి పడి ఉన్నదాన్ని ముట్టుకోకండి. బర్డ్ ఫ్లూ భయం ఉంది కాబట్టి శుభ్రం చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. కొన్నిచోట్ల ఇంటికి చేరేదాకా జాతి తెలిసేలా తల గానీ రెక్క గానీ ఉంచాలనే రూల్ ఉంటుంది, కోసేముందు చూసుకోండి.

పెల్లెట్ లోపలికి వెళ్లినచోట ఈకలను కూడా లాక్కెళుతుంది. చర్మం మీద నల్లటి రంధ్రం కనిపించినచోటల్లా కత్తి మొనతో తెరిచి, ఈక ముక్కనూ పెల్లెట్‌నూ తీసేయండి. సీసం అయితే దాని చుట్టూ దెబ్బతిన్న మాంసం కూడా కోసి పారేయండి. లోపల 74 డిగ్రీల వేడి తగిలేలా ఉడికించండి. తినేవాళ్లకు పెల్లెట్ ఉండొచ్చని ముందే చెప్పి, మెల్లగా నమలమనండి. స్టీలు పెల్లెట్ పన్ను విరగ్గొడుతుంది.